ల్యాబ్ గోడ మీద ఆ ఒక్క అడ్రస్ రాయండి

విశాఖపట్నంలోని ఇంజినీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల నెట్‌వర్క్ అడ్మిన్‌లకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు నమస్కారం.

ఈ ఊళ్లోనే ఒక కాలేజీలో పదిహేనేళ్లకు పైగా కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకుంటున్నాను. మీలో కొందరితో ఫోన్లో మాట్లాడాను. కొందరి సర్వర్ రూముల్లో కూర్చుని టీ తాగాను. మన పని ఎంత కష్టమో, ఎంతమందితో మాట పడాలో నాకు తెలుసు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రాక్సీ అడ్రస్‌ని, అంటే క్యాంపస్ నుంచి బయటి ఇంటర్నెట్‌కి వెళ్లే మన గేటు సర్వర్ అడ్రస్‌ని, పిల్లలకు కనిపించేలా రాసి పెట్టమని నా మనవి.

ఈ మధ్య పాడేరు వైపు నుంచి వచ్చిన మొదటి సంవత్సరం అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, ఇది పాడైపోయినట్టుంది సార్."

"ఏమైందమ్మా?"

"సీ కంపైలర్ జీసీసీ ఎక్కించుకుందామని ఆప్ట్ అప్‌డేట్ కొడితే సున్నా శాతం దగ్గరే ఆగిపోతోంది సార్. ద్వారకానగర్‌లో షాపుకి తీసుకెళ్తే ఐదొందలు తీసుకుని ఉబుంటు మళ్లీ ఎక్కించారు. అక్కడ బాగానే నడిచింది. హాస్టల్‌కి తెచ్చాక మళ్లీ ఇంతే."

షాపులో నడిచి హాస్టల్‌లో ఆగిపోయింది అనగానే విషయం అర్థమైంది. బ్రౌజర్ తెరిచి చూపించమన్నాను. పేజీలన్నీ చక్కగా వస్తున్నాయి. సీనియర్ ఎవరో బ్రౌజర్‌లో ప్రాక్సీ పెట్టి ఇచ్చారు. ఉబుంటు లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే ఆప్ట్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. అది నేరుగా బయటి సర్వర్ కోసం వెళ్లి మన ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతోంది. ఒక చిన్న ఫైలు రాశాను. రెండు నిమిషాల్లో జీసీసీ ఎక్కింది. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. వెళ్లబోతూ ఆగి అడిగింది: "ఇది ఎక్కడ రాసుంది సార్? మా రూమ్మేట్‌లకి కూడా చెప్తాను."

ఎక్కడా రాసి లేదు. నోటీసు బోర్డులో లేదు, ల్యాబ్ మాన్యువల్‌లో లేదు, కాలేజీలో చేరినప్పుడు ఇచ్చే కాగితాల్లో లేదు. ఇన్నేళ్లుగా అడిగినవాళ్లకు నోటితో చెబుతున్నాను. అడగనివాళ్లు ఏం చేస్తున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. కొందరు షాపులో డబ్బు కడుతున్నారు. చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, అమ్మానాన్నలు రీఛార్జి చేయించిన రోజువారీ డేటాను ఒక్క అప్‌డేట్‌కి ఖర్చు పెట్టేస్తున్నారు. ఇంకొందరు లైనక్స్ అంటేనే విసుగొచ్చి తీసేస్తున్నారు. ఈ మూడోవాళ్ల గురించే నాకు ఎక్కువ బాధ.

క్యాంపస్‌లో ప్రాక్సీ ఉండాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. వందల మంది ఒకే లైన్ మీద ఉన్నప్పుడు ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో చూసే గేటు ఒకటి ఉండాలి. నేను అడిగేది ఒక్కటే. గేటు పెట్టినవాళ్లం గేటు ఎక్కడుందో కూడా చెప్పాలి.

ఆ ఫైలు గురించి నేను ఫోన్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఫోన్లో చెప్పినట్టే ఇక్కడ కూడా రాస్తాను. ఈటీసీ ఫోల్డర్‌లో ఆప్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలో ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీ అనే ఇంకో ఫోల్డర్. అందులో అంకెతో మొదలయ్యే పేరుతో, 95 ప్రాక్సీ అనుకోండి, ఒక కొత్త ఫైలు తెరవాలి. లోపల ఒకటే లైను: ఎక్వైర్, రెండు కోలన్లు, హెచ్‌టీటీపీ, రెండు కోలన్లు, ప్రాక్సీ. తర్వాత ఖాళీ వదిలి కొటేషన్ గుర్తుల మధ్య ప్రాక్సీ అడ్రస్, కోలన్, పోర్టు నంబరు. చివర సెమీకోలన్. ప్రాక్సీ కోసం స్క్విడ్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నవాళ్లు మార్చకపోతే పోర్టు 3128. ఎన్‌క్రిప్షన్‌తో నడిచే హెచ్‌టీటీపీఎస్ కోసం ఇలాంటిదే ఇంకో లైను. పిల్లలు పొరపాటు పడేది ఇక్కడే. రెండో లైన్లో ప్రాక్సీ అడ్రస్‌ను కూడా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెడతారు. మన ప్రాక్సీలు మామూలుగా హెచ్‌టీటీపీతోనే మాట్లాడతాయి కాబట్టి రెండు లైన్లలోనూ అడ్రస్ హెచ్‌టీటీపీతోనే మొదలవ్వాలి. ఇక సెమీకోలన్ మరిచిపోతే ఫైలు చివర అక్కర్లేని చెత్త ఉందని ఆప్ట్ ఎర్రర్ ఇస్తుంది. ఆ మాట చూసి పిల్లలు ఫైలంతా చెరిపేస్తారు. సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలంటే ఆప్ట్ కాన్ఫిగ్ డంప్ అని కొట్టి, వచ్చినదానిలో ప్రాక్సీ అన్న మాట వెతికితే చాలు.

ఫెడోరా అనే ఇంకో లైనక్స్ వాడేవాళ్లకు ఇంకా తేలిక. అక్కడ ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్ ఉంటుంది. ఈటీసీలో డీఎన్‌ఎఫ్ ఫోల్డర్‌లో ఉన్న డీఎన్‌ఎఫ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో, మెయిన్ అన్న భాగం కింద ప్రాక్సీ ఈక్వల్స్ అడ్రస్ అని ఒక లైను రాస్తే సరిపోతుంది. గిట్, స్నాప్, డాకర్ లాంటి వేరే ప్రోగ్రామ్‌లకు దేని సెట్టింగు దానిది. అవన్నీ ఒకే చోట ఉంటాయని అనుకోవద్దని పిల్లలకు మొదటే చెప్పాలి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మీ ల్యాబ్‌లో కూడా అదే జరుగుతూ ఉండొచ్చు కాబట్టి దాచడం లేదు. చాలాకాలం మా ల్యాబ్ సిస్టమ్‌ల మీద నా అకౌంట్లో మాత్రమే ప్రాక్సీ పెట్టుకున్నాను. నా టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బ్యాష్ ఆర్‌సీ ఫైల్లో ఎక్స్‌పోర్ట్ లైను రాసి, అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడోతో పాటు క్యాపిటల్ ఈ ఆప్షన్ ఇచ్చి పని నడిపించాను. నాకు అన్నీ ఎక్కుతున్నాయి కాబట్టి అంతా బాగుందనుకున్నాను. సుడో మామూలుగా యూజర్ పెట్టుకున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని, అంటే ఈ ప్రాక్సీ లాంటి సెట్టింగులని, వదిలేసి కొత్తగా మొదలుపెడుతుంది. అందుకే నాకు ఆ ఆప్షన్ కావాల్సి వచ్చేది. దాని అర్థం ఏమిటో నేను అప్పుడు లోతుగా ఆలోచించలేదు.

ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లను తనంతట తానే దించుకునే అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఏర్పాటు ఉంది. అది వేళకి పనులు మొదలుపెట్టే సిస్టమ్‌డీ టైమర్ మీద నడుస్తుంది. ఏ యూజర్ బ్యాష్ ఆర్‌సీనీ చదవదు. అంటే నా ప్రాక్సీ లైను దానికి కనిపించదు. అది రోజూ లేచి, బయటికి వెళ్లలేక, లాగ్ ఫైల్లో ఒక ముక్క రాసి, మళ్లీ పడుకుంటోంది. తెర మీద ఏ ఎర్రరూ రాదు. ఒకరోజు వేరే పని మీద లాగ్ తెరిస్తే నెలల తరబడి ఇదే వరస కనిపించింది. ఒక్క సిస్టమ్ కాదు, ల్యాబ్ మొత్తం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పరీక్షలు రాసే సిస్టమ్‌లు, పిల్లలు తమ పాస్‌వర్డ్‌లు కొట్టే సిస్టమ్‌లు అవి. 2014 ఏప్రిల్‌లో, వెబ్ రాకపోకలను రహస్యంగా ఉంచే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు అప్‌డేట్ చేసుకోవడం ఎంత అత్యవసరమో మనమంతా చూశాం. అలాంటిదే ఇంకోటి ఆ నెలల్లో వచ్చి ఉంటే?

కాబట్టి మొదటి మనవి. సెట్టింగు యూజర్ అకౌంట్లో కాకుండా ఆప్ట్ సొంత ఫోల్డర్‌లోనే పెట్టండి. అక్కడ పెడితే మీరు కొట్టినా, వేరే యూజర్ కొట్టినా, రాత్రిపూట టైమర్ లేచినా అందరూ అదే చదువుతారు. రేపు ఒక్క గంట కేటాయించి వార్ లాగ్ కింద ఉన్న అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. మీ ల్యాబ్‌లో అన్నీ బాగుంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. మన కాలేజీల్లో చాలా చోట్ల ప్రాక్సీకి లాగిన్ ఉంటుంది. పిల్లలు ఆప్ట్ ఫైల్లో అడ్రస్ మాత్రమే రాస్తే 407 అని ఎర్రర్ వస్తుంది. అంటే ప్రాక్సీ దగ్గరికి చేరాం కానీ అది మనల్ని గుర్తుపట్టలేదు అని. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు, అడ్రస్‌కి ముందు యూజర్‌నేమ్, కోలన్, పాస్‌వర్డ్, ఆ తర్వాత యట్ గుర్తు (@) పెట్టమని. పాస్‌వర్డ్‌లోనే యట్ గుర్తు ఉంటే అంతా తలకిందులవుతుంది. పాస్‌వర్డ్ ఎక్కడ ముగిసిందో, అడ్రస్ ఎక్కడ మొదలైందో ప్రోగ్రామ్‌కి తెలియదు. అప్పుడు యట్ బదులు పర్సెంట్ గుర్తు పెట్టి 40 అని, హ్యాష్ గుర్తు (#) బదులు పర్సెంట్ 23 అని రాయాలి. మనమేమో పాస్‌వర్డ్‌లో ఒక స్పెషల్ క్యారెక్టర్ తప్పనిసరిగా ఉండాలని రూలు పెడతాం. దాని వల్ల వచ్చే ఈ చిక్కు గురించి ఒక్క ముక్క చెప్పం. మొదటిసారి టెర్మినల్ తెరిచిన పిల్లవాడికి ఇది ఎలా తోస్తుంది?

ఇంకా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆ ఫైలు మామూలుగా అందరూ చదవగలిగేలా ఉంటుంది. ల్యాబ్ సిస్టమ్ మీద ఒకరి పాస్‌వర్డ్ అందులో ఉంటే తర్వాత కూర్చున్నవాళ్లందరికీ అది కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కోసం ఆప్ట్‌లో ఆత్ డాట్ కాన్ఫ్ అనే విడి ఫైలు ఉంది. ఎవరు చదవాలో దానికి పరిమితి పెట్టుకోవచ్చు. తప్పనిసరైతే అది వాడమనండి. కానీ దానికంటే మంచి దారి మన చేతిలోనే ఉంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లైనక్స్‌ల ప్యాకేజీలు ఉండే రిపాజిటరీల డొమైన్‌లకు లాగిన్ అడగకుండా దారి ఇచ్చేయండి. స్క్విడ్‌లో హెచ్‌టీటీపీ యాక్సెస్ రూల్స్ పైనుంచి కిందికి వరసగా చూస్తుందనీ, మొదట కుదిరిన రూలు దగ్గర ఆగిపోతుందనీ మీకు నేను చెప్పక్కర్లేదు. క్యాంపస్ ఐపీల నుంచి ఆ డొమైన్‌లకు అనుమతి ఇచ్చే లైను లాగిన్ అడిగే లైనుకి పైన ఉంటే చాలు. అక్కడ సినిమాలు లేవు, జూదం లేదు. ఉన్నవి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలే. వాటికి కూడా లాగిన్ ఎందుకు?

"అడ్రస్ బయటపెడితే దుర్వినియోగం అవుతుంది" అని ఒక మిత్రుడు నాతో అన్నారు. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆ అడ్రస్ ఇప్పటికే ప్రతి ల్యాబ్ బ్రౌజర్ సెట్టింగుల్లోనూ ఉంది. తెలిసినవాడు ఎప్పుడో చూసేసుకున్నాడు. తెలియకుండా మిగిలిపోతున్నది కొత్తగా వచ్చిన పిల్లలకే. పైగా దారి దొరకని పిల్లలు గూగుల్‌లో వెతికి ఎక్కడో దొరికిన డెబ్ ఫైళ్లను, అంటే ప్యాకేజీ ఫైళ్లను, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తున్నారు. అసలు ప్రమాదం అది. రిపాజిటరీ నుంచి వచ్చే ప్యాకేజీకి ఒక హామీ ఉంటుంది. రిలీజ్ ఫైలు మీద డిస్ట్రిబ్యూషన్ వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ రిలీజ్ ఫైల్లో ప్యాకేజీల జాబితాల హ్యాష్‌లు (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు సంఖ్యలు), ఆ జాబితాల్లో ఒక్కొక్క ప్యాకేజీ హ్యాష్ ఉంటాయి. మధ్యలో ఎవరు ఒక్క బైటు మార్చినా ఆప్ట్ పట్టేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలుకి అలాంటి కాపలా లేదు.

ఈ సంతకం వల్లే ఇంకో మేలు ఉంది. ఉబుంటు రిపాజిటరీలు నేటికీ మామూలు హెచ్‌టీటీపీ మీద నడుస్తున్నాయి, అందుకే వాటిని మధ్యలో దాచి ఉంచవచ్చు. అరవై సిస్టమ్‌లున్న ల్యాబ్‌లో 300 ఎంబీ అప్‌డేట్ వచ్చిందనుకోండి. అరవై సిస్టమ్‌లూ విడివిడిగా దించుకుంటే 18 జీబీ. ఒకసారి దించి దాచుకుంటే, అంటే క్యాష్ చేసుకుంటే, 300 ఎంబీ. లైన్ సరిపోవడం లేదని ప్రతి ఏడాదీ మేనేజ్‌మెంట్‌కి ఉత్తరాలు రాసే మనం ఈ లెక్క కూడా వేసి చూడాలి.

"స్క్విడ్ క్యాష్ ఉంది కదా" అని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. స్క్విడ్‌లో దాచుకునే ఫైలు పరిమాణానికి డిఫాల్ట్ పరిమితి 4 ఎంబీ మాత్రమే. పెద్ద ప్యాకేజీలు ఒక్కటీ దాచదు. డిస్కు మీద క్యాష్ డైరెక్టరీ లైను కూడా మనం విడిగా తెరవాల్సిందే. ఆ రెండూ మార్చిన రోజు నుంచి మా లైన్ మీద భారం తగ్గడం కళ్లారా చూశాను. ఒక జాగ్రత్త ఉంది. వెర్షన్ నంబరు పేరులోనే ఉన్న డెబ్ ఫైలు మారదు, దాన్ని ఎన్ని రోజులైనా దాచవచ్చు. జాబితా ఫైళ్లు మాత్రం మారుతూనే ఉంటాయి. పాతవి దాచి ఇస్తే పిల్లలకు హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని వస్తుంది. ఎంతకాలం దాచాలో చెప్పే స్క్విడ్ సెట్టింగు రిఫ్రెష్ ప్యాటర్న్‌లో ఈ రెండింటినీ వేరుగా చూడండి.

స్క్విడ్‌ని కదిలించడం ఇష్టం లేకపోతే ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. పక్కన పెట్టేసిన పాత సిస్టమ్ ఒకటి చాలు దానికి. 3142 పోర్టు మీద నడుస్తుంది. మన పెద్ద ప్రాక్సీ అడ్రస్ దాని కాన్ఫిగరేషన్‌లో ఒకసారి రాస్తే, ల్యాబ్ సిస్టమ్‌లు దాని దగ్గరికి వస్తాయి, అది బయటికి వెళ్తుంది. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీల కోసం మాత్రం విడిగా అనుమతి లైను రాయాలి. రిపాజిటరీ మొత్తానికి నకలు, అంటే మిర్రర్, పెట్టాలంటే టెరాబైట్లలో డిస్కు కావాలి. దీనికి అదేమీ అక్కర్లేదు, మనవాళ్లు వాడినవే దాచుకుంటుంది.

దగ్గర్లో దాచుకున్న ప్యాకేజీ విలువ నాకు 2014 అక్టోబర్ 12 తర్వాత తెలిసింది. హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో మీకు చెప్పక్కర్లేదు. మా ల్యాబ్ కిటికీలు ఊడి కొన్ని సిస్టమ్‌లు తడిసిపోయాయి. జనరేటర్ మీద ల్యాబ్ తెరిచాం కానీ ఇంటర్నెట్ రాలేదు. బతికిన ఒక సిస్టమ్‌లో, వార్ క్యాష్ ఆప్ట్ ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో, అప్పటివరకు దించుకున్న డెబ్ ఫైళ్లు అలాగే ఉన్నాయి. వాటినే మిగతావాటికి కాపీ చేసి ల్యాబ్‌ని నిలబెట్టాం. ఆ ఫోల్డర్ లేకపోతే సెమిస్టర్ ప్రాక్టికల్స్ ఇంకా వెనక్కి వెళ్లేవి.

ఇంకో చిన్న విషయం. పిల్లలు సెలవులకు శ్రీకాకుళమో, నర్సీపట్నమో వెళ్తారు. మనం పెట్టించిన ప్రాక్సీ ఫైలు ల్యాప్‌టాప్‌లో అలాగే ఉంటుంది. ఇంటి దగ్గర ఆ అడ్రస్ దొరకదు కాబట్టి అక్కడ ఆప్ట్ ఆగిపోతుంది. క్యాంపస్‌లో పడిన కష్టమే ఇంట్లో తిరగబడుతుంది. ఆటో ఆప్ట్ ప్రాక్సీ అనే ప్యాకేజీ ఉంది. పేర్లకు అడ్రస్‌లు చెప్పే మన డీఎన్‌ఎస్‌లో, క్యాష్ సర్వర్ ఎక్కడుందో చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డు ఒకటి పెడితే క్యాంపస్‌లో ఉన్నప్పుడు క్యాష్ సర్వర్‌ని అదే వెతుక్కుంటుంది, లేకపోతే నేరుగా వెళ్తుంది. రికార్డు పెట్టేది మీరే, ఐదు నిమిషాల పని. అంతవరకు, ఇంటికి వెళ్లేముందు ఆ ఫైలు పేరు మార్చుకోవాలని గోడ మీది కాగితంలో ఒక లైను చేర్చండి.

హెచ్‌టీటీపీఎస్‌ని విప్పి చూసే ఫైర్‌వాల్ ఉన్న కాలేజీలు ఆ ఫైర్‌వాల్‌ని నమ్మమని సిస్టమ్‌కి చెప్పే మీ సర్టిఫికెట్‌ని కూడా పిల్లలకు ఇవ్వాలి. యూఎస్‌ఆర్ లోకల్ షేర్ కింద సీఏ సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో సీఆర్‌టీ పొడిగింపుతో పెట్టి, అప్‌డేట్ సీఏ సర్టిఫికెట్స్ అని కొడితే పని అయిపోతుంది. ఇవ్వకపోతే వాళ్లు సర్టిఫికెట్ తనిఖీనే ఆపేయడం నేర్చుకుంటారు. ఆ అలవాటుతోనే రేపు ఉద్యోగాల్లోకి వెళ్తారు.

మా ల్యాబ్‌లో ఇప్పుడు ఏ ఫోర్ కాగితం ఒకటి అంటించాను. పైన ప్రాక్సీ అడ్రస్, పోర్టు. కింద ఆప్ట్‌కి రెండు లైన్లు, డీఎన్‌ఎఫ్‌కి ఒకటి. యట్ గుర్తు చిక్కు, సెమీకోలన్ సంగతి, ఇంటికి వెళ్లేముందు ఏం చేయాలో తెలుగులో రాశాను. పాడేరు అమ్మాయి దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని హాస్టల్ గ్రూపులో పెట్టింది. మీ అడ్రస్, పోర్టు మార్చుకుని అదే కాగితం మీరూ అంటించుకోవచ్చు, కాపీ పంపిస్తాను. క్యాష్ సర్వర్ పెట్టడానికి ఎవరికైనా చేతిసాయం కావాలంటే నాకు రెండో శనివారాలు ఖాళీ. గాజువాక అయినా, మధురవాడ అయినా, భీమిలి అయినా పిలవండి, వస్తాను. సర్వర్ కోసం ఒక పాత సిస్టమ్ మాత్రం తీసి పక్కన పెట్టి ఉంచండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ప్రోగ్రామర్,
విశాఖపట్నం